పరిసరాన్ని చదవడం, పరిసరాన్ని మార్చడం

కొద్ది నెలల క్రితం మన కళాశాలలో కంప్యూటర్ చదివే విద్యార్థులు నలుగురు నా వద్దకు వచ్చి, "సార్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనే మాటకు తెలుగులో ఏమనాలి?" అని అడిగారు. నేను తెలుగు బోధించేవాడిని. 'పరిసర చరరాశి' అని చెప్పి పంపివేయవచ్చును. ఉర్దూ విభాగపు మిత్రులొకరు అక్కడే ఉండి, "మా భాషలో మాహౌల్ అంటే సరిపోతుంది" అన్నారు. మాట దొరికినది. కాని ఆ మాట దేనిని చెబుతున్నదో తెలుసుకొనకుండా ఊరకుండలేకపోయాను. అర్థం ఎరుగక పర్యాయపదం ఇచ్చేవాడు అప్పు తెచ్చి దానం చేసేవాని వంటివాడు. అందుచేత ఆ విద్యార్థులనే గురువులుగా చేసుకొని, వారి ప్రయోగశాలలో కొన్ని సాయంకాలాలు కూర్చున్నాను. అక్కడ నేను గ్రహించిన విషయము కేవలం కంప్యూటర్ విద్యార్థులకే కాక, బోధించే మాకూ, కళాశాలను నడిపే పెద్దలకూ సంబంధించినదని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మొదట ఈ పరిసరమంటే ఏమిటో చూద్దాము. కంప్యూటరులో ఒక ప్రోగ్రాము నడవడం ఆరంభించినప్పుడు దాని చేతికి ఒక చిన్న జాబితా అందుతుంది. అందులో ప్రతి పంక్తిలోను ఒక పేరు, సమానార్థక చిహ్నము, ఒక విలువ ఉంటాయి. 'పాత్' అనే పేరు ఆజ్ఞలను ఏయే అరలలో వెదకవలెనో చెబుతుంది. 'హోమ్' వాడుకరి సొంత స్థలాన్ని చెబుతుంది. 'లాంగ్' అనేది తెలుగు కావలెనా, ఉర్దూ కావలెనా, ఇంగ్లీషు కావలెనా అని చెబుతుంది. 'టీజెడ్' అనేది ఏ ఊరి గడియారాన్ని అనుసరించవలెనో చెబుతుంది. మన దేశానికి దాని విలువ 'ఏషియా/కోల్‌కతా'. ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని విశ్వ కాలమానానికి మనం 5 గంటల 30 నిమిషాలు ముందున్నాము. జూన్ 1వ తేదీ తెల్లవారుజామున 1 గంటకు మన విద్యార్థి పంపిన దరఖాస్తును విశ్వ కాలమానములో నడిచే యంత్రము మే 31 రాత్రి 7 గంటల 30 నిమిషాలకు వచ్చినట్లు వ్రాసుకొంటుంది. ఒక్క పంక్తి తేడాతో తేదీ మారిపోయినది. గడువు కూడా మారిపోవచ్చును.

ఈ ఏర్పాటు 1979లో వెలువడిన యునిక్స్ ఏడవ రూపముతో నేటి ఆకారం పొందినది. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పుట్టించినప్పుడు తన జాబితా యొక్క నకలును దానికి ఇస్తుంది. వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. పై సూత్రములోని పదము దిగువ సూత్రములోనికి వచ్చి, మరల చెప్పకుండానే అర్థాన్ని పూరించడాన్ని మనం అనువృత్తి అంటాము. పరిసరము కూడా అట్లే తల్లి ప్రోగ్రాము నుండి బిడ్డ ప్రోగ్రాముకు దిగివస్తుంది. బిడ్డ తన నకలును ఎంత దిద్దుకొన్నా తల్లి జాబితా చెక్కుచెదరదు. ఇంతవరకు అంతా శుభమే. చిక్కు ఒక్క ప్రోగ్రాము లోపలనే పుడుతున్నది.

ఆ చిక్కు చెప్పడానికి నాకు తెలిసిన ఒక సంఘటన వివరించవలెను. ఏ ఊరు, ఏ కళాశాల అన్నది అవసరం లేదు. ఒక విద్యార్థిని స్వయంకృషితో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకొని, కళాశాల ప్రకటనలను అడిగినవారికి అడిగిన భాషలో చూపే ప్రోగ్రాము ఒకటి వ్రాసినది. తెలుగు అడిగితే తెలుగు, ఉర్దూ అడిగితే ఉర్దూ. అడిగినవారి భాషను ఆమె పరిసర జాబితాలో ఒక పేరు కింద వ్రాసిపెట్టేది. ప్రకటనను తయారుచేసే భాగము ఆ పేరును చదివి భాషను ఎంచుకొనేది. ఇంటివద్ద నెల రోజులు పరీక్షించినది. ఒక్క తప్పు రాలేదు. ప్రయోగ పరీక్ష నాడు రెండు కంప్యూటర్ల నుండి ఒకేసారి ప్రకటన అడిగారు. ఉర్దూ అడిగిన తెరపై తెలుగు ప్రత్యక్షమైనది. మరల అడిగితే సరిగా వచ్చినది. మూడవసారి మరల తప్పినది. పరీక్షకులు "ఇది నీవు వ్రాసినదేనా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు ఆమె నోట మాట రాలేదు. మార్కులు పోవడం అటుంచి, కంప్యూటర్ చదువు తనకు తగదేమోనన్న శంక ఆమె మనసులో నాటుకొన్నది.

తప్పు ఎక్కడ ఉన్నది? ఆ ప్రోగ్రాము ఒకేసారి పలువురికి సమాధానం చెప్పడానికి లోపల పలు పోగులుగా నడుస్తుంది. వాటినే 'థ్రెడ్లు' అంటారు. పోగులు ఎన్ని ఉన్నా పరిసర జాబితా మాత్రం ప్రోగ్రాము మొత్తానికి ఒక్కటే. మొదటి పోగు 'ఉర్దూ' అని వ్రాసి, ప్రకటన సిద్ధం చేయబోయే రెప్పపాటులో రెండవ పోగు దానిని 'తెలుగు' అని దిద్దినది. మొదటి పోగు చదివేసరికి అక్కడ ఉన్నది తెలుగు. ఇంటివద్ద ఆమె ఒక్కతే అడిగేది గనుక ఈ తాకిడి ఎన్నడూ రాలేదు. ఇంటివద్ద ఒక సౌకర్యము ఆమెకు తెలిసి ఉంటే ముందే పట్టుబడేది. రస్ట్ భాషలో పరీక్షలు వ్రాసి నడిపితే అవి మామూలుగా ఒకదాని పక్కన ఒకటి పోగులుగానే నడుస్తాయి. ఒంటరిగా నెగ్గి, కలిసి నడిచినప్పుడు అప్పుడప్పుడు ఓడే పరీక్ష కనిపించినదంటే, ఉమ్మడి వస్తువును ఎవరో దిద్దుతున్నారని అనుమానించవలెను.

ఇది మొదటి దోషము. దీనిలో విలువ మాత్రమే తప్పుతుంది. రెండవ దోషము ఇంతకంటె లోతైనది. అక్కడ ప్రోగ్రామే కూలిపోతుంది.

మన గ్రంథాలయాన్ని ఊహించుకొనండి. పుస్తకాలు ఏ అరలో ఉన్నవో చెప్పే చీటీల బీరువా ఒకటి ఉన్నది. ఒక విద్యార్థి బీరువా స్థానము తెలుసుకొని, చీటీలు ఒక్కొక్కటిగా చూస్తూ పోతున్నాడు. అదే సమయంలో గ్రంథపాలకుడు కొత్త చీటీలకు చోటు చాలక పెద్ద బీరువా తెప్పించి, చీటీలన్నీ అందులోనికి మార్చి, పాత బీరువాను బయటకు పంపివేశాడు. విద్యార్థి కన్నులు మూసుకొని పాత చోటనే చేయి పెడతాడు. అక్కడ ఏమీ లేకపోవచ్చును. వేరొకరి వస్తువు ఉండవచ్చును. సీ భాషలో 'గెట్‌ఎన్వ్' అనే ప్రమేయము ఈ విద్యార్థి. 'సెట్‌ఎన్వ్' ఆ గ్రంథపాలకుడు. జాబితాలో కొత్త పేరు చేరినప్పుడు జాబితాను పెద్ద స్థలానికి మార్చి, పాత స్థలాన్ని విడిచిపెట్టడం జరుగుతుంది. ఆ క్షణాన చదువుతున్న పోగు విడిచిపెట్టిన స్థలములో చదువుతుంది. ఫలితము తెలియదు; తరచు ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగిపోతుంది. యునిక్స్ వ్యవస్థలకు ఉమ్మడి ప్రమాణమైన పోజిక్స్ కూడా ఈ మార్చే ప్రమేయాలు పలు పోగుల నడుమ క్షేమంగా ఉండితీరవలెనని నియమించలేదు.

"తలుపుకు తాళం వేస్తే సరిపోదా? ఒకరు మార్చేటప్పుడు మరొకరు చదవకుండా కట్టడి చేయరాదా?" అని మీరు అడుగవచ్చును. నేనూ అడిగాను. రస్ట్ భాషవారు తమ వైపు తాళం వేశారు. రస్ట్ ద్వారా చదివేవారు, రస్ట్ ద్వారా మార్చేవారు ఒకరినొకరు తాకరు. కాని అదే ప్రోగ్రాములో సీ భాషలో వ్రాసిన గ్రంథాలయాలు కూడా నడుస్తుంటాయి. స్థానిక కాలాన్ని లెక్కగట్టే ప్రమేయము 'టీజెడ్' కోసం జాబితాను చూస్తుంది. ఇంటర్నెట్ పేరుకు చిరునామా వెదికే ప్రమేయము కూడా జాబితాను చూడవచ్చును. వాటికి రస్ట్ వేసిన తాళం సంగతి తెలియదు. ముందు గుమ్మానికి తాళం వేసి పెరటి గుమ్మం తెరిచి ఉంచినట్లయినది. ఇది ఊహ కాదు. రస్ట్ వాడుకరులకు ప్రీతిపాత్రమైన 'టైమ్', 'క్రోనో' అనే రెండు కాలగణన గ్రంథాలయాలపై ఈ కారణంగానే భద్రతా హెచ్చరికలు వెలువడినవి. గడియారం ఎంత అయినదని అడిగినంత మాత్రాన, అదే సమయంలో మరొక పోగు పరిసరాన్ని మార్చుతూ ఉంటే, ప్రోగ్రాము కూలిపోగలదని తేలినది.

ఇక్కడ రస్ట్ భాష గౌరవానికి సంబంధించిన ప్రశ్న వచ్చినది. 2015 మే 15న మొదటి స్థిర రూపము వెలువడినప్పటి నుండి ఆ భాష ఒక వాగ్దానము చేస్తున్నది. 'అన్‌సేఫ్' అని గుర్తు పెట్టని చోట జ్ఞాపకస్థానాల దోషములు జరుగవని ఆ వాగ్దానము. పరిసరాన్ని మార్చే 'సెట్ వార్', తొలగించే 'రిమూవ్ వార్' అనే ప్రమేయాలు మాత్రము ఆ గుర్తు లేకుండానే ఆ దోషానికి దారి తీస్తున్నవి. అంటే మాట తప్పినట్లే. ఆ భాషను తీర్చేవారు పలు సంవత్సరాలు తర్కించి, తుదకు 2025 ఫిబ్రవరి 20న వెలువడిన 1.85 రూపముతో కూడిన '2024 సంచిక'లో ఆ రెండింటికీ 'అన్‌సేఫ్' గుర్తు తప్పనిసరి చేశారు. చదివే 'వార్' అనే ప్రమేయానికి ఆ గుర్తు లేదు. పాత సంచికలలో వ్రాసిన ప్రోగ్రాములు పూర్వం వలెనే నడుస్తాయి.

ఈ మార్పును కొందరు హర్షించలేదు. ఒక్క పోగుతో నడిచే చిన్న ప్రోగ్రాములో ఏ ప్రమాదమూ లేదు కదా, విండోస్ వ్యవస్థలో ఈ చిక్కే లేదు కదా, అందరికీ ఈ శిక్ష ఎందుకని వారి వాదము. ఆ మాటలలో నిజము లేకపోలేదు. ఒక్క పోగు ఉన్నప్పుడు, విండోస్‌లో ఎల్లప్పుడు, ఈ ప్రమేయాలు క్షేమమేనని ఆ భాష వివరణ గ్రంథమే చెబుతున్నది. మూలములోనే దిద్దుబాటు కొంత జరుగుతున్నదని చెప్పేవారూ ఉన్నారు. అదీ నిజమే. లినక్స్‌లో విరివిగా వాడే గ్లిబ్‌సీ అనే సీ గ్రంథాలయము 2025 జనవరిలో వెలువడిన 2.41 రూపములో చదివే ప్రమేయాన్ని మునుపటికంటె క్షేమంగా చేసినది. అయినను పాత రూపాలు లోకములో ఇంకా నడుస్తున్నవి. జాబితాను ప్రమేయము ద్వారా గాక నేరుగా తడిమి చూసే ప్రోగ్రాములు కూడా ఉన్నవి.

నా అభిప్రాయములో ఆ గుర్తు శిక్ష కాదు, నిజం చెప్పడము. ప్రమాదము ముందూ ఉన్నది, వెనుకా ఉన్నది. పేరు మాత్రమే ఇప్పుడు వచ్చినది. మందు సీసాపై ఎర్రని గీత గీసినంత మాత్రాన మందు విషమైపోదు. వాడేవాడు ఆగి, చీటీ చదివి, వైద్యుని అడుగుతాడు. ఆ విద్యార్థిని పాత సంచికలో వ్రాసినది. కొత్త సంచికలో వ్రాసి ఉంటే, ప్రోగ్రాము నడవకముందే కంపైలరు ఆమెను ఆపి, "ఇక్కడ నీవు ఏ ధైర్యముతో మార్చుతున్నావు?" అని అడిగి ఉండేది. పరీక్షకుని ప్రశ్నకంటె ఆ ప్రశ్న ఎంతో మేలైనది. అది ఏకాంతములో అడిగే ప్రశ్న. దిద్దుకొనడానికి వ్యవధి ఇచ్చే ప్రశ్న.

అయితే గుర్తు ఒక్కటే మందు కాదని కూడా చెప్పవలెను. ఆమె ఆ పంక్తి చుట్టూ 'అన్‌సేఫ్' అని వ్రాసి ముందుకు సాగి ఉంటే ఉర్దూకు బదులు తెలుగు అప్పుడూ వచ్చేది. మొదటి దోషాన్ని ఏ భాషా మాన్పలేదు. వ్రాసేవారి ఆలోచన మారవలెను. జావా భాష మొదటి నుండి మరొక మార్గము పట్టినది. అందులో పరిసరాన్ని చదవవచ్చును గాని మార్చే ప్రమేయమే లేదు. చేతికి వచ్చే జాబితా దిద్దరానిది. లక్షల ప్రోగ్రాములు అట్లే నడుస్తున్నవి. కనుక నడుస్తున్న ప్రోగ్రాములో పరిసరాన్ని మార్చవలసిన అవసరము మనమనుకొన్నంత లేదని తేలుతున్నది.

ఇక చదవడం గురించి. చదవడం క్షేమమే గాని దానికీ ఒక మర్యాద ఉన్నది. రస్ట్‌లో 'వార్' ప్రమేయము విలువను ఊరకే ఇవ్వదు. ఉన్నది, లేదు అని రెండు విధాల సమాధానం చెబుతుంది. లేదన్నప్పుడు కూడా రెండు కారణాలు వేరుచేసి చూపుతుంది. ఆ పేరు జాబితాలో అసలు లేకపోవడం ఒకటి. ఉన్నా దాని విలువ సరియైన యూనికోడ్ కాకపోవడం రెండవది. మన భాషలవారు ఈ రెండవదానిని గమనించవలెను. యూటీఎఫ్ 8 అనే పద్ధతిలో తెలుగు లిపి సంకేతము ఒక్కొక్కటి 3 బైట్లు, మామూలు ఉర్దూ అక్షరము 2 బైట్లు ఆక్రమిస్తాయి. మధ్యలో ఒక బైటు తెగినా అది అక్షరము కాదు. యునిక్స్ వ్యవస్థలకు ఈ పట్టింపు లేదు. వాటి దృష్టిలో విలువ కేవలం బైట్ల వరుస. కనుక 'ఉన్నదిలే' అనుకొని విప్పి చూడక, లేనప్పుడు ఏమి చేయవలెనో ముందే నిర్ణయించుకొనవలెను.

పరిసరములో ఉన్నదంతా నమ్మదగినదనుకొనడము కూడా పొరపాటే. 2014 సెప్టెంబరులో 'షెల్‌షాక్' అనే దోషము బయటపడినది. బాష్ అనే ఆజ్ఞావాహక ప్రోగ్రాము తనకు అందిన పరిసర విలువలో దాగిన ఆజ్ఞలను కూడా అమలుచేసేది. బయటివారు పంపిన మాట వెబ్ సర్వరు ద్వారా పరిసరములోనికి చేరి, ఆజ్ఞగా మారిపోయేది. అట్లే రహస్య సంకేతపదాలను పరిసరములో ఉంచినప్పుడు అవి బిడ్డ ప్రోగ్రాములన్నింటికీ నకలై పోతాయని మరువరాదు. అనువృత్తి మంచిని, చెడును వేరుచేయదు.

వీటన్నిటిని కూర్చి విద్యార్థులకు నేను చెప్పదలచినవి మూడే మాటలు. మొదటిది, పరిసరాన్ని ప్రోగ్రాము ఆరంభములో ఒక్కసారి చదివి, సరిచూసి, సొంత నిర్మాణములో భద్రపరచుకొనండి. ఆపైన కావలసిన భాగానికి ఆ విలువను చేతికి అందించండి. రెండవది, బిడ్డ ప్రోగ్రాముకు వేరే పరిసరము కావలసి ఉంటే మీ జాబితాను మార్చకండి. 'కమాండ్' అనే నిర్మాణము ద్వారా బిడ్డకు మాత్రమే ఆ విలువ ఇవ్వండి. మూడవది, మార్చక తప్పదంటే రెండవ పోగు పుట్టకముందే మార్చండి. ఎందుకు క్షేమమో ఆ పంక్తి పైన ఒక వాక్యము వ్రాయండి. ఆ వాక్యము వ్రాయలేకపోతే ఆ పంక్తి కూడా వ్రాయకండి.

ఆ విద్యార్థిని తరువాత తన ప్రోగ్రామును ఇట్లే తిరిగి వ్రాసినది. అడిగినవారి భాష ఇప్పుడు ఉమ్మడి జాబితాలో లేదు. ప్రతి కోరికతోపాటు అదీ ప్రయాణం చేస్తుంది. పది కంప్యూటర్లు ఒకేసారి అడిగినా ఎవరి భాష వారికి వస్తున్నది. మార్పు చేసిన పంక్తులు ఇరవైకి మించవు. ఆ ఇరవై పంక్తుల జ్ఞానము మనం ముందే ఇవ్వలేకపోయినందుకు ఆమె చెల్లించిన మూల్యము మాత్రం పెద్దది.

కళాశాల కమిటీ పెద్దలకు ఇక్కడ ఒక మనవి. మన మండలములోని ఆదిభట్లలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ప్రాంగణము ఉన్నది. మన పిల్లలు ప్రతి ఉదయం బస్సు కిటికీ నుండి ఆ దారిని చూస్తారు. అటువంటి చోట నడిచే ప్రోగ్రాములు ఒక్క పోగుతో నడిచేవి కావు. 2011లో వెలువడిన 'ట్వెల్వ్ ఫాక్టర్ యాప్' అనే సూత్రావళి ప్రోగ్రాము అమరికలను పరిసరములోనే ఉంచవలెనని బోధించిన పిదప ఈ జాబితాల వాడుక మరింత పెరిగినది. మన ప్రయోగశాలలో మాత్రం ప్రోగ్రాము ఒకసారి నడిచి, రికార్డు పుస్తకములో ఫలితము వ్రాస్తే మార్కులు పడుతున్నవి. ఒంటరిగా నెగ్గినదానికే మార్కులిస్తే, నలుగురితో కలిసినప్పుడు నెగ్గడం ఎవరు నేర్పుతారు? ప్రతి ప్రయోగాన్ని ఇద్దరు విద్యార్థులు ఒకేసారి నడిపి చూపే పద్ధతి పెట్టవలెను. తప్పిన ప్రోగ్రాముకు కారణము సరిగా వివరించిన విద్యార్థికి కూడా మార్కులుండవలెను. "ఇది నీవు వ్రాసినదేనా?" అనే ప్రశ్నకు బదులు "ఇది ఎందుకు తప్పినది?" అని అడిగే పరీక్ష కావలెను.

రెండవ మనవి భాషకు చెందినది. మా విద్యార్థులు ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడి, ప్రయోగశాలలో ఇంగ్లీషు చదువుతారు. పదము తెలిసి భావము తెలియని స్థితి అక్కడే పుడుతున్నది. తెలుగు, ఉర్దూ, కంప్యూటర్ విభాగాలు కలిసి ఒక చిన్న పారిభాషిక పుస్తకము తయారుచేయగలవు. నూరు మాటలు చాలును. ప్రతి మాటకూ పర్యాయపదము, ఒక ఉదాహరణ, ఒక హెచ్చరిక ఉండవలెను. అందుకు నా వంతు శ్రమ చేయడానికి సిద్ధంగా ఉన్నాను.

మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు సంగతి ఈ ఊరి రైతు బిడ్డలకు నేను చెప్పనక్కరలేదు. నీటిమట్టము ఎంత ఉన్నదో కట్టపై నిలిచి ఎవరైనా చూడవచ్చును. తూము మాత్రము నీరటి ఒక్కడే ఎత్తుతాడు. ఎత్తేముందు కాలువ పొడవునా కేక వేస్తాడు. ఎవరి మడికి వారు నడిరాత్రి తూము మార్చుకొంటే పొలమూ మిగలదు, పొరుగూ మిగలదు. ఉమ్మడి వస్తువును చూడడానికి అందరికీ హక్కు ఉన్నది. మార్చేవాడు మాత్రం, ఇంకెవరు దానిపై ఆధారపడి ఉన్నారో ముందు తెలుసుకొనవలెను. మా విద్యార్థులు ఆ ఒక్క ప్రశ్న అడిగే అలవాటు చేసుకొంటే, ఏ ప్రోగ్రామింగ్ భాష వచ్చినా, పోయినా వారికి లోటు లేదు.